హనుమాన్ టిబ్బా మీద సగం దాకా

మా కోడలు రేవతి మంచుకొండ సగం ఎక్కి భయపడి దిగివచ్చిందని మా పుంగనూరులో తెలిసినవాళ్లు నవ్వుకుంటున్నారు. ఆ రోజు కింద రాతి మీద కూర్చుని అంతా చూసినదాన్ని నేను. పదో తరగతి అయ్యాక సరుకుల చీటీ తప్ప ఏమీ రాయని నేను ఇప్పుడు కలం పట్టింది, ఊళ్లో చెప్పలేనిది బయటివాళ్లకైనా చెప్పాలని. అటువైపు వెళ్లాలనుకునేవాళ్లకు దారి కూడా తెలుస్తుంది.

రేవతిది కుప్పం, ఉద్యోగం బెంగుళూరులో. పెళ్లికి ముందే కాశ్మీరుకు వెళ్లి స్నోబోర్డింగ్ నేర్చుకుంది. అంటే ఒక పొడవాటి పలకకు రెండు కాళ్లూ బిగించుకుని, నిలబడి మంచు మీద జారడం. ఎక్కించే తాళ్లూ యంత్రాలూ లేని కొండను తానే పలక మోసుకుంటూ ఎక్కి, తానే దిగాలని ఆమె కోరిక. మనాలి దగ్గర హనుమాన్ టిబ్బా అనే కొండ ఉంది. వేసవి చివరిలో కూడా దాని ఒడిలో గట్టి మంచు నిలిచి ఉంటుంది. ఒక ఏడాది సెలవు దొరకలేదు, మరో ఏడాది వానలు ముందే వచ్చాయి. ఈసారి మా అబ్బాయికి కుదరలేదు. ఆ కొండ పేరు వినగానే నేను తోడు వస్తానన్నాను.

"మంచులో జారేదానికి అత్తను తోడు తీసకపోయే కోడల్ని ఇప్పుడే సూస్తాండాను," అన్నాడు మా ఆయన. "నువ్వు జారితే ఎవురు పట్టుకుంటారు?"

"ఆంజనేయస్వామి ఉండాడు లెండి," అన్నాను.

జూన్ మూడో వారంలో రేవతి నన్ను తీసుకుపోవడానికి ఊరికి వచ్చాక, మదనపల్లె నుంచి కారు పిలిపించుకున్నాం. చింతామణి మీదుగా బెంగుళూరు దగ్గరి దేవనహళ్లి విమానాశ్రయానికి మూడు గంటలకు పైగా పట్టింది, మూడున్నర వేలు అడిగాడు. పొడుగాటి సంచిని పైన కడుతూ డ్రైవరు ఆగాడు. "ఏముండాదమ్మా దీంట్లో, వీణా?" మంచు మీద జారే పలక అని చెప్పాను. "ఈ ఎండల్లో మంచు యాడుంటాదమ్మా? దొరికితే ఒక గడ్డ తెచ్చియ్యండి. మా ఇంట్లో ఫ్రిజ్జు కావాలని ఒకటే పోరు."

ఢిల్లీ దాకా విమానం, అక్కడినుంచి మనాలికి బస్సు. బస్సుకు మనిషికి దాదాపు పదిహేను వందలు. మనాలిలో రెండు రోజులు ఊరికే ఉన్నాం. ఆ ఎత్తుకు ఒళ్లు అలవాటు పడకుండా పైకి పోతే తల తిరుగుతుందట. మూడో రోజు జీపులో సోలంగ్ లోయ దాటి ధుంది అనే చోటి దాకా వెళ్లి, నడక మొదలుపెట్టాం. మూడు గంటల దారి నాకు ఐదు గంటలైంది. గుడారాలు వేసిన పచ్చికబయలులో గొర్రెలు మోకాళ్ల లోతు గడ్డిలో మేస్తున్నాయి. తంబళ్లపల్లె వైపు ఎండుగడ్డి వెతుక్కునే మన గొర్రెలు గుర్తొచ్చి, వీటి పుణ్యం ఎంతో అనుకున్నాను. ఎదురుగా తెల్లగా హనుమాన్ టిబ్బా. నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

మాకు దారి చూపే దోర్జే అక్కడివాడే. అతను హిందీలో చెప్పినదాన్ని రేవతి నాకు తెలుగులో చెప్పింది. చీకటితోనే బయలుదేరితే మంచు గట్టిగా ఉంటుంది, ఎక్కవచ్చు. ఎండ తగిలి పైపొర కాస్త మెత్తబడినప్పుడు జారాలి. ఇంకా పొద్దెక్కితే మంచు పట్టు వదిలి పైనుంచి రాళ్లు దొర్లుతాయి. మర్నాటి ఒక్కరోజే అదను, ఆ తర్వాత వాన.

ఆ సాయంత్రం రేవతీ దోర్జే భోజనం చేస్తుండగా నేను పలక ముందు కూర్చున్నాను. కొత్త బండి కొంటే బొట్టు పెట్టకుండా నడుపుతామా? మా ఊరి గుడి నుంచి తెచ్చిన సిందూరాన్ని నువ్వుల నూనెలో కలిపి, పలక కిందివైపు నిండుగా పూసి దండం పెట్టాను.

తెల్లవారుజామున రేవతి పలక తిప్పి చూసింది. "అత్తా, కింది పక్క యాల పూసినావు?"

"నేలను తాకేది అదే కదమ్మా. బండికైతే చక్రం కింద నిమ్మకాయ పెట్టమా?"

ఒక్క క్షణం నన్నే చూసి నవ్వేసింది. "కిందంతా మైనం రాసుంటాది అత్తా, జారేదానికి. ఈ జిడ్డుకి మంచు అతుక్కుంటే ఆడ్నే నిలబడిపోతా."

గీకి, తుడిచి, మళ్లీ మైనం రాయాలి. కరిగించి పరచడానికి ఇస్త్రీ పెట్టె లేదు. కరెంటు లేనప్పుడు మా అమ్మ చెంబులో మరిగే నీళ్లు పోసి చీరలు ఇస్త్రీ చేసేది. అది చెబితే గుడారాల దగ్గరి వంటమనిషి చెంబు తెచ్చాడు. పని అయ్యింది, కానీ రెండు గంటలు పోయాయి. వాళ్లు బయలుదేరేసరికి బాగా తెల్లవారింది.

మంచు మొదలయ్యేచోట ఒక రాతి మీద కూర్చుని, పైకి పోతున్న రెండు చుక్కలను చూస్తూ స్వామిని తలుచుకున్నాను. వాళ్లు సగం ఎక్కారు. అప్పుడు పైన కంకర లారీ ఒంపినట్టు శబ్దం వచ్చింది. రాళ్లు. చుక్కలు ఆగాయి. రేవతి చాలాసేపు శిఖరం వైపు చూస్తూ నిలబడింది. ఇన్నేళ్ల కోరిక, మళ్లీ ఎప్పటికో తెలియదు. నేను చేసిన ఆలస్యాన్ని పూడ్చాలని పంతానికి పైకే పోతుందేమోనని రాతి మీది నుంచి లేచి నిలబడ్డాను. కాసేపటికి ఆమె మంచు మీద కూర్చుని కాళ్లకు పలక బిగించుకుంది.

ఆ దిగడం నేను చెప్పలేను. గాలిపటం వాలినట్టు ఆ పక్కకూ ఈ పక్కకూ వంపులు తిరుగుతూ, చప్పుడు లేకుండా వచ్చింది. పలక అంచుల్లో మిగిలిన సిందూరం అక్కడక్కడా సన్నటి గీతలై తెల్లటి మంచు మీద నిలిచిపోయింది.

"సూసినావా అత్తా?"

"సూసినాను తల్లీ. నా వల్లనే పైదాకా పోలేకపోయినావు."

"పైన రాళ్లు పడతాండాయి. ఎవురేం సేస్తారు?"

"రెండు గంటలు ముందు పోయింటే?"

రేవతి వంగి కాళ్ల నుంచి పలక విప్పుకుంది. "ఆకలైతాండాది. చెనక్కాయల పొడి ఉండాదా?" అంది.

ఇంటికొచ్చాక మా ఆయన, "సగానికే బయపడితివా?" అని ఆటపట్టించాడు. నేను నోరు తెరిచేలోగా, "అవును మామా, బయమేసింది," అని నవ్వుతూ లోపలికి పోయింది. అలా ఎందుకన్నావని ఒంటరిగా ఉన్నప్పుడు అడిగితే, "నీ పూజ మింద నలుగురూ నవ్వేది నాకిష్టం లేదు, ఎవురికీ చెప్పొద్దు," అని నాతో మాట తీసుకుంది. ఎక్కేవాళ్ల గొప్ప అందరికీ కనిపిస్తుంది. కోరుకున్నది కంటి ముందుండగా వెనక్కి తిరిగి, భయపడిందనే మాట తన మీదే వేసుకున్న మనిషిని నేను మా ఇంట్లోనే చూశాను. స్వామి దర్శనం కోసం వెళ్లిన నాకు అంతకన్నా ఏం కావాలి?

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. పలకకు బొట్టు పెట్టాలనిపిస్తే పైవైపు పెట్టండి, కిందివైపు ముట్టుకోకండి. ఈ కాగితాలు మీ దగ్గరే దాచుకోండి. మా పుంగనూరులో ఎవరికీ చూపించకండి, ముఖ్యంగా రేవతికి. నేను మాట తప్పానని తెలిస్తే నొచ్చుకుంటుంది.