కాలవలో పోయిన ఎకరానికి శిస్తు

ఇన్నయ్యకి కాస్త తిక్క అని ఊరంతా ఒప్పుకుంది. ఒప్పుకోనిది అతని కూతురు ఆదెమ్మ ఒక్కతే.

గురజాల అవతల అతనికి రెండెకరాల మెట్ట ఉండేది. యాభై తొమ్మిదిలో సాగర్ కాలవ కోసమని సర్కారు అందులో ఎకరం తీసుకుంది. పరిహారమిచ్చింది, మట్టి తవ్వింది, గట్లు పోసింది. తాలూకా ఆఫీసులో లెక్క మార్చడం మాత్రం మరిచిపోయింది. ఏటా రెండెకరాలకీ శిస్తు వచ్చేది. ఇన్నయ్య రెండెకరాలకీ కట్టేవాడు.

"ఒక అర్జీ పడెయ్యరా, తీసేయిస్తా" అని కరణం గోపాలకృష్ణయ్య ఏటా చెప్పేవాడు.

"ఉండనీయండయ్యా, కట్టుకుంటా" అనేవాడు ఇన్నయ్య.

చుక్క నీరు రాని కాలవకి పన్ను కట్టే మనిషిని చూస్తే జనం నవ్వరూ? వాళ్లకేం తెలుసు! ఇన్నయ్య తండ్రి ఊళ్లో పెద్దరైతు బసవపున్నయ్యగారి చావిట్లో పాలేరుగా బతికి, పాలేరుగానే పోయాడు. ఇన్నయ్య నాపరాళ్ల క్వారీలో బండలు కొట్టి, చేతులు కాయలు కాచి, ఆ నేల కొన్నాడు. శిస్తు కట్టే రోజున ఆదివారం ప్రార్థనకి వేసుకెళ్లే చొక్కా తీసి తొడుక్కునేవాడు. ఆ రోజు అతని నడకే వేరు.

అరవై ఆరు చలికాలంలో దగ్గి దగ్గి పోయాడు. పెళ్లయిన ఏడాదికే కృష్ణ దాటిపోయిన మొగుడు తిరిగి రాకపోతే, ఆదెమ్మ అప్పటికే పుట్టింట్లో ఉండి తండ్రితో పాటు చేను చూసుకుంటోంది. ఇక మిగిలింది తనూ, తల్లి రాజమ్మా, ఆ ఎకరమూ.

వచ్చే వానాకాలానికి కాలవలో నీళ్లు వదులుతారని కబురొచ్చింది. నీళ్లు పారాలంటే ఎగుడుదిగుడు మెట్టని చదును చెయ్యాలి, గట్లు వెయ్యాలి. ఎద్దుల్ని కూలికి తేవడానికి ఇంట్లో పైసా లేదు. ఇంతలో బసవపున్నయ్య రానే వచ్చాడు.

"ఏమే ఆదెమ్మా, ఆడదానివి, నీ వల్ల ఏమైద్ది? నాకు కౌలుకిచ్చెయ్. నీళ్లొచ్చాక గింజలు కొలుస్తాలే."

రాజమ్మ సగం ఒప్పేసుకుంది. ఆదెమ్మ మాత్రం ఊ అనలేదు. ఆయన నాగలి కిందికి పోయిన చేను మళ్లీ బయటికి వచ్చిన దాఖలా ఊళ్లో లేదు.

ఆ సంగతి తెలిసి కరణమే ఒక దారి చెప్పాడు. ఎండాకాలం చివర పెద్ద ఆఫీసరు వచ్చి ఊరి లెక్కలు తనిఖీ చేసే జమాబందీ ఉంటుంది. చనిపోయిన తండ్రి ఎక్కువ కట్టిన శిస్తు వారసురాలిగా వాపసు అడగొచ్చు. ఏడేళ్లది కలిపితే నాలుగు రోజులు జత ఎద్దుల కూలికి సరిపోతుంది. అర్జీ ఆయనే రాసి చదివి వినిపించాడు: 'మా తండ్రి చదువులేనివాడైనందున తెలియక కట్టినాడు.'

"తెలియక కాదు గదయ్యా. మీరు ఏటా చెప్తానే ఉన్నారు."

"తెలిసి కట్టాడంటే చిల్లిగవ్వ ఇవ్వరే! పోయినోడికి పరువేందే? నీకు డబ్బు కావాలా, వద్దా?"

కావాలి. వేలిముద్ర వేసింది. వేసిందే గానీ, అరికాల్లో ముల్లు విరిగినట్టు ఆ మాట లోపలే ఉండిపోయింది.

జమాబందీకి బడి ముందు పందిరి వేశారు. ఊరి పెద్దలంతా ముందు వరసలో ఉన్నారు. ఆఫీసరు అర్జీ చదివి తలెత్తాడు.

"అయితే మీ నాన్నకి తెలియదన్నమాట."

"తెలివుంటే గదండీ తెలిసేది!" అన్నాడు బసవపున్నయ్య. పందిరంతా నవ్వింది.

తలూపితే చాలు, ఎద్దులొస్తాయి. ఊపమ్మా, ఊపు అన్నట్టు కరణం కళ్లతోనే బతిమాలుతున్నాడు. ఆదెమ్మకి తండ్రి చొక్కా కళ్లముందు మెదిలింది. ఒళ్లు మండింది.

"మా నాయనకి తెలుసయ్యా."

కరణం నుదురు కొట్టుకున్నాడు.

"మా తాత ఈయన చావిట్లో పేడెత్తి పోయాడు. మా ఇంట్లో సర్కారుకి శిస్తు కట్టిన మొదటి మనిషి మా నాయన. ఎకరం పోయిందని తెలుసు. ఒక ఎకరానికే కడితే సగం మనిషినైపోతానని ఆయన బాధ. అందుకని కట్టాడు. తెలివి లేక కాదు. డబ్బులు ఇయ్యండి, ఇయ్యకపోండి, ఆ మాట మాత్రం కొట్టెయ్యండయ్యా!"

ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"కరణంగారూ, ఆ ఎకరం ఎవరిది?"

"సర్కారుదేనండి."

"సర్కారు భూమికి ఇంకొకరి దగ్గర శిస్తు తీసుకోవడం మన తప్పు. ఆయనకి తెలిసి కడితే మన తప్పు ఒప్పయిపోతుందా?" అంటూ ఆ వాక్యం తన కలంతోనే కొట్టేసి, వాపసు ఇవ్వమని కింద రాశాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు తాలూకా ఆఫీసు గుమస్తా చెప్పులరిగేలా తిప్పాడు. తిరిగింది. డబ్బు చేతిలో పడగానే ఎద్దుల్ని తెచ్చింది. పగలంతా నేల చదునుచేసే పలక తోలించి, చీకటి పడేదాకా తనే పార పట్టి గట్లు వేసింది. కౌలు మాట ఎత్తడానికి బసవపున్నయ్య మళ్లీ ఆ వైపు రాలేదు.

నీళ్లొచ్చిన రోజు ఊరు ఊరంతా కాలవ గట్టు మీదే ఉంది. తూములోంచి ఆదెమ్మ చేలోకి ఎర్రనీళ్లు బిరబిరా దిగుతున్నాయి. రాజమ్మ మాత్రం చేలోకి రాలేదు. కాలవలోకే దిగి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

కాలవ కాసే లస్కరు గట్టు మీంచి అరిచాడు. "ఏయ్ ముసలమ్మా, పైకి రా! సర్కారు కాలవ, నీ సొంతమనుకున్నావా ఏంది?"

ఆదెమ్మ పార పక్కన పెట్టి నడుం నిలబెట్టింది.

"సర్కారుదేలే అబ్బాయ్. ఏడేళ్లు శిస్తు మాత్రం మా నాయన కట్టాడు. కాసేపు నిలబడనీ."