నత్త మేస్త్రి కొట్టని దెబ్బలు

నత్త మేస్త్రికి చూపు ఆనక డ్రైవింగ్ స్కూలు కారు పాడుచేశాడనీ, అందుకే రిపేరు షెడ్డులోంచి గెంటేశారనీ అందరూ చెప్పుకుంటున్నారు. శుద్ధ అబద్ధం. ఆయన్నెవరూ గెంటలేదు. ఆ పని చేసిందీ ఆయన కాదు, షెడ్డు యజమాని అల్లుడు. పక్క గదిలో సీటు కవర్లు కుట్టుకునేదాన్ని, మా మధ్య గోడ నడుం ఎత్తే. అన్నీ చూశాను.

నత్త అని పేరు పెట్టింది కూడా ఆ అల్లుడే. పేర్లు పెట్టడంలో ఉన్న చురుకు పనిలో ఉంటే బాగుపడేవాడు.

పైలట్ బేరింగని నిమ్మకాయంత వస్తువు ఒకటుంటుంది. ఇంజను వెనక గుంటలో కూర్చుని, గేర్‌బాక్సు షాఫ్టు కొసను పట్టుకుంటుంది. పాతది తీయాలంటే మేస్త్రి దాని మధ్య రంధ్రంలోంచి తడి కాగితం కూరి, ఆ రంధ్రానికి సరిపోయే కడ్డీ పెట్టి కొట్టేవాడు. కూరినకొద్దీ బేరింగు తనంతట తానే బయటికి జరిగేది. కొత్తది పెట్టేముందు గుంట తుడిచి, వేలితో తడిమి, మళ్లీ తుడిచేవాడు. బయటి రింగుకు సరిపోయే గొట్టంలాంటి సాకెట్టు ఆనించి, తట్టీ తట్టనట్టు తట్టేవాడు.

"మావయ్యా, ఈయన బేరింగు పెడుతున్నాడా, పసిబిడ్డకి నీళ్లు పోస్తున్నాడా?" అని అల్లుడు ఇకిలించేవాడు.

ఆ రోజు మేస్త్రి డ్రైవింగ్ స్కూలు కారులో గుంట శుభ్రం చేసి భోజనానికి వెళ్లాడు. ఈ మహానుభావుడికి చేతులు దురద పెట్టాయి. కొత్త బేరింగులో గ్రీజు కారకుండా ఆపే సీలున్న ముఖం గేర్‌బాక్సు వైపు ఉండాలి కదా, దాన్ని ఇంజను వైపు తిప్పాడు. సుత్తి తీసుకుని లోపలి రింగు మీదే నాలుగు బాదాడు. గేర్‌బాక్సు పూర్తిగా కూర్చోకపోతే బోల్టులు బిగించి లాగేశాడు.

మేస్త్రి తిరిగొచ్చి, "దేంతో కొట్టావు బాబూ?" అన్నాడు.

"సుత్తితో. మరి పూలతో కొట్టాలా?"

"విప్పి చూద్దామండీ" అని మేస్త్రి బతిమాలితే, "కారు ఇవ్వాల్సిన టైమైంది, వదిలేయండి" అన్నాడు యజమాని.

నాలుగో రోజుకే డ్రైవింగు నేర్పే టీచరమ్మ వచ్చి పడింది. "క్లచ్ తొక్కితే చాలు, పిల్లి తోక తొక్కినట్టు అరుస్తోంది! నేర్చుకునేవాళ్లు స్టీరింగు వదిలేస్తున్నారు. ఎవరండీ చేసింది?"

అల్లుడు నాలుక్కరుచుకోలేదు సరికదా, గడ్డంతో మేస్త్రిని చూపించాడు. "పెద్దాయన కదండీ, చూపు ఆనడం లేదు."

ముప్పై ఏళ్లలో తను ఎక్కించిన గేర్‌బాక్సు ఒక్కటీ తిరిగి రాలేదన్నదే మేస్త్రికున్న ఆస్తి. ఆయన పానా అందుకున్నాడు. "దించుదాం. నా తప్పయితే రేపట్నుంచి రాను" అన్నాడు.

దించారు. లోపలి రింగు మీద నాలుగు సుత్తి దెబ్బలు, సీలు తలకిందులు. యజమాని చేతిలో తిప్పితే గరగరమంది. ఆయనా ఒకప్పుడు మెకానిక్కే, చూడగానే తెలిసిపోయింది. మేస్త్రిని మా గోడ దగ్గరికి లాక్కొచ్చి, "ఈ ఒక్కసారికి మీ మీద వేసుకోండి మేస్త్రీ. వాడి పేరు బయటపడితే మా అమ్మాయి నన్ను బతకనివ్వదు" అని గొణిగాడు. పరువంటే అల్లుళ్లకే ఉంటుంది కాబోలు!

మేస్త్రి కారు దగ్గరికి నడిచాడు. కొత్త బేరింగు తనకు తెలిసిన పద్ధతిలోనే కూర్చోబెట్టి, గేర్‌బాక్సు ఎక్కించి, టీచరమ్మ చేత క్లచ్ తొక్కించాడు. చప్పుడు లేదు.

"అమ్మా, ఆ దెబ్బలు నావి కావు" అన్నాడు ఆమెతో. సాకెట్లు గుడ్డలో మూటగట్టుకుని వెళ్లిపోయాడు. యజమాని ఆపలేదు, నిజమూ చెప్పలేదు. ఇప్పుడు ఆ షెడ్డులో రేడియో గట్టిగా పెడుతున్నారు, తిరిగొచ్చిన కార్ల ఏడుపు వినబడకుండా.

మేస్త్రి చెల్లెలింట్లో మెట్ల కింద గదిలో ఉంటున్నాడు. "అన్నయ్య గడప దాటడం లేదక్కా, ఎవరేమంటారోనని భయం" అని మొన్న ఆమె నా దగ్గర కళ్లు తుడుచుకుంది. నీళ్ల ట్యాంకు వెనక రెండో సందు, నీలం తలుపు. అటువైపు వెళ్తే ఒక్కసారి తలుపు తట్టి, ఆయన ఎలా ఉన్నాడో చూసి రండి.