కోడలు సరేనన్నాకే మంట

మా అమ్మ ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి కరెంటు గురించి ఆమెకు తెలిసింది ఒక్కటే: ఫ్యూజు పోతే ఎవరినో ఒకరిని పిలవాలి. ఆ పిలవాల్సిన మనిషి మామగారే కావడం ఆమె అదృష్టం.

మా తాతయ్యను అందరూ మేస్త్రి అనేవాళ్లు. పెద్ద పెద్ద షెడ్లలో, లాండ్రీల్లో, బడి హాళ్లలో గ్యాసు మీద నడిచే హీటర్లకు వైరింగ్ చెయ్యడం ఆయన పని. కొడుకు, అంటే మా నాన్న, ఆ పనికి ఆమడ దూరం. చిన్నప్పుడు ఒకసారి షాక్ తగిలిందట. ఇప్పటికీ చెప్పులు తొడుక్కుని, కళ్లు మూసుకుని గానీ స్విచ్ వెయ్యడు. బస్సు నడుపుతాడు గానీ బల్బు మార్చడు. "నా విద్య నాతోనే సరి" అని తాతయ్య నిట్టూర్చేవాడు.

ఒకరోజు తాతయ్య వంటింట్లో స్విచ్ బోర్డు విప్పి బాగుచేస్తుంటే అమ్మ టార్చి పట్టుకుని నిలబడింది.

"మావయ్యా, ఈ ఆకుపచ్చ వైరులో కరెంటు రాదంటారు కదా. మరి అది దేనికి?"

తాతయ్య స్టూలు దిగాడు. "ఇన్నేళ్లుగా పని చేస్తున్నా, ఇంట్లో ఈ మాట అడిగినవాళ్లు లేరు. రేపు నాతో వస్తావా అమ్మాయ్?"

నాన్నమ్మ గయ్యిమంది. "కోడలు గోడలెక్కడమేంటి, చోద్యం కాకపోతే!" కానీ అమ్మ పని ప్యాంటుకు టెస్టరు పట్టేలా పొడవాటి జేబులు కుట్టిపెట్టింది కూడా ఆవిడే.

తాతయ్య నోటితో తక్కువ, చేతితో ఎక్కువ నేర్పేవాడు. స్క్రూ బిగించాక వైరు పట్టుకుని గుంజమనేవాడు. "బుజ్జగించకు, లాగు. ఊడేదైతే ఇప్పుడే ఊడనీ." గ్యాసు గొట్టం అతుకుల మీద సబ్బునీళ్లు పూసి, బుడగ లేస్తుందేమో కళ్లార్పకుండా చూడమనేవాడు. అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఇంకొకటి: "వండిన నాలుకకి ఉప్పు తెలీదు. వైరింగ్ చేసినవాడు తనిఖీ చెయ్యకూడదు." అమ్మకు లైసెన్సు వచ్చాక అదే పద్ధతి పెట్టుకున్నారు. ఆయన వైర్లు కలిపేవాడు, వెలిగించే ముందు ఆమె పరీక్షించేది. ఆమె నోట "ఇంకా కాదు" అన్న మాట ఎన్నిసార్లు వచ్చేదో గానీ, పనివాళ్లు ఆమెకు "ఇంకాకాదక్క" అని పేరు పెట్టేశారు.

ఆ రోజుల్లోనే బస్సు డిపో పని వచ్చింది. నాన్న పనిచేసే డిపోయే. అక్కడి మరమ్మతుల షెడ్డు చలికాలంలో మంచుగడ్డ. మెకానిక్కుల వేళ్లు కొంకర్లు పోయి, చేతిలో పానా జారిపోయేది. ఎన్నాళ్లో అడగ్గా అడగ్గా, కప్పు నుంచి వేలాడే నాలుగు గ్యాస్ హీటర్లు మంజూరయ్యాయి. వైరింగ్ అంతా తాతయ్య చేశాడు. వెలిగించే రోజు ఉదయం డ్యూటీ దిగినవాళ్లూ ఎక్కాల్సినవాళ్లూ అంతా గుమిగూడారు. మేనేజరు కోటు వేసుకుని వచ్చాడు. నాన్న యూనిఫారంలో ఓ మూల నిలబడ్డాడు.

అమ్మ చక్రాల పరంజా ఎక్కి ఒక్కో హీటర్‌నీ చూసుకుంటూ పోయింది. ఆకుపచ్చ ఎర్తు వైరు సరిగా ఉంది. సబ్బునీళ్లలో బుడగ లేదు. చివరగా, గ్యాసు మూసేసి చేసే పరీక్ష. హీటర్‌లో మంటతో పాటు పొగా పుడుతుంది. దాన్ని బయటికి నెట్టడానికి ఒక ఫ్యాన్ ఉంటుంది. ఫ్యాన్ గాలి తగిలితేనే కలిసే చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది. గాలి లేకపోతే ఆ స్విచ్ నిప్పు పుట్టనివ్వదు. అందుకని అమ్మ ఫ్యాన్ వైరు ఊడదీసి హీటర్ ఆన్ చేస్తుంది. అది మూగనోము పట్టాలి. మొదటి రెండూ పట్టాయి.

మూడోది టకటకమని నిప్పురవ్వలు కొట్టింది.

అమ్మ వెంటనే ఆపేసింది. మూత విప్పి చూసింది. గాలి స్విచ్‌లోకి కరెంటు తెచ్చే వైరూ, బయటికి తీసుకెళ్లే వైరూ పక్కపక్క స్క్రూల కింద ఉండాల్సినవి, ఒకే స్క్రూ కింద బిగించి ఉన్నాయి. స్విచ్ ఉన్నా లేనట్టే. ఫ్యాన్ చెడిపోయిన రోజున కూడా హీటర్ వెలుగుతుంది. పొగ షెడ్డులోనే నిలుస్తుంది. కంటికి కనబడని విషం.

"ఆ క్షణాన నా ముందు రెండు దారులున్నాయి" అని అమ్మ నాతో చాలాసార్లు అంది. ఒక్క స్క్రూ తిప్పి తనే సరిచేసుకోవచ్చు. కింద ఎవరికీ తెలియదు. మామగారి పరువు పరువుగా ఉంటుంది. కానీ ఆయన ఇలాంటి తప్పు చేశాడంటే చూపు తగ్గి ఉండాలి. ఆ చూపుతోనే ఇంకో చోటికి పనికి వెళతాడు. అక్కడ తను ఉండకపోతే?

"మావయ్యా, ఒకసారి పైకి రండి."

తాతయ్య మోకాళ్లు పట్టుకుంటూ ఎక్కాడు.

"ఈ రెండు వైర్లు ఎక్కడ బిగించారో చూస్తారా?"

మొహం దగ్గరగా పెట్టాడు. వెనక్కి జరిగి చూశాడు. "వేరువేరుగానే ఉన్నాయి కదమ్మా."

"వేలితో తడమండి."

తడిమాడు. వేలు అక్కడే ఆగిపోయింది.

"ఎప్పటినుంచి మావయ్యా?" అమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"కొన్నాళ్లయింది. దీపం చుట్టూ దూది అంటుకున్నట్టు ఉంటోంది."

"మాకు చెప్పలేదేం?"

"చెబితే పని మానిపిస్తావని."

"మానిపించను. కళ్లు బాగయ్యేదాకా ఆపిస్తాను. రెండూ ఒకటి కాదుగా."

కిందినుంచి షెడ్డు ఫోర్‌మన్ కేక వేశాడు. "ఏమైంది మేస్త్రీ? హీటర్‌లో లోపమా?"

చిన్న సవరణ ఉందని చెప్పబోయింది అమ్మ. తాతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. పరంజా కమ్మీ పట్టుకుని, షెడ్డంతా వినబడేలా అన్నాడు: "లోపం హీటర్‌ది కాదు, నాది. కంటిచూపు తగ్గి ఒక వైరు తప్పు చోట కలిపాను. ఇలాగే వెలిగిస్తే ఏదో ఒకనాడు మీ ప్రాణాల మీదికి వచ్చేది. పట్టుకుంది నా కోడలు. పట్టుకోవడం నేర్పింది నేను. రెండూ గుర్తుపెట్టుకోండి!"

మేనేజరు పరంజా దగ్గరికి వచ్చాడు. "పోనీలెండి. మంచిగా ఉన్నవి ఇప్పుడు వెలిగించెయ్యమ్మా. అది రేపు చూసుకుందాం."

"ఒకటి ఇలా ఉందంటే అన్నీ మళ్లీ మొదటినుంచి చూడాలండి. ఇంకా కాదు."

గుంపులో సణుగుడు మొదలైంది. ఒక కండక్టరు నాన్న భుజం తట్టాడు. "మీ ఆవిడ మీ నాన్న తప్పు పట్టింది. ఇవాళ ఇంట్లో యుద్ధమేనా?"

"నాకేం భయం? ఆ ఇద్దరి మధ్యా నేను న్యూట్రల్ వైరుని" అన్నాడు నాన్న. సణుగుడు కాస్తా నవ్వులో కలిసిపోయింది.

మెయిన్ స్విచ్ ఆపాక, వైరు ఎవరు సరిచెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. అమ్మ చేస్తే తనిఖీకి మనిషి లేడు. టార్చి పట్టుకుని ఆమె నిలబడింది. వేళ్ల కొసలతో తడుముకుంటూ తాతయ్యే ఆ వైరు విప్పి, పక్క స్క్రూ కింద దోపి, బిగించి, గుంజి చూశాడు. చూపు సాయం చెయ్యకపోయినా ఆ వేళ్లకు దారి తెలుసు. తర్వాత అమ్మ మొదటి హీటర్ దగ్గరికి పరంజా తోయించుకుని, ఎర్తు దగ్గర్నుంచీ అన్నీ మళ్లీ పరీక్షించింది. ఫ్యాన్ వైరు ఊడదీసినప్పుడు ఈసారి నాలుగూ నోరు మూసుకున్నాయి.

అప్పుడు గ్యాసు తెరిచింది. కిందికి చూసి, "సరే" అంది.

నీలిమంట సన్నగా పాకింది. కాసేపటికి వెచ్చటిగాలి నేలదాకా దిగింది. ఫోర్‌మన్ చేతి తొడుగులు తీసేసి అరచేతులు పైకి చాపాడు. అందరూ అలాగే చాపారు. ఎవరో చప్పట్లు కొట్టారు. తాతయ్య అందరికంటే గట్టిగా కొట్టాడు.

ఆ నెలలోనే ఆయన కంటి శుక్లం తీయించారు. ఆసుపత్రిలో డాక్టరు యంత్రం ఆన్ చెయ్యబోతుంటే, "దీనికి ఎర్తు ఉందా నాయనా?" అని అడిగాడట. నాన్నమ్మ ఇప్పటికీ చెప్పి చెప్పి నవ్వుతుంది.

ఆయన కోలుకునే లోపల ఒక పెద్ద లాండ్రీ వాళ్లు అమ్మనే పిలిచారు. ఈసారి వైరింగ్ మొత్తం ఆమె చేసింది. కొత్త కళ్లతో తాతయ్య తనిఖీకి వెళ్లాడు. ప్రతి మూతా విప్పాడు. ప్రతి వైరూ గుంజాడు. ఒక్క తప్పయినా దొరక్కపోతుందా అని రోజంతా వెతికాడు. సాయంత్రం నాన్న బస్సే ఎక్కి ఇంటికి బయల్దేరాడు. ముందు సీట్లో జారగిలబడి, ఎక్కిన ప్రతి మనిషికీ చెప్పడం మొదలుపెట్టాడు.

"ఒక్కటీ దొరకలేదండీ. గాలించేశాను. మా కోడలు!"

దిగాల్సిన స్టాపు వచ్చినా మాట ఆపలేదు. నాన్న ఇంజను ఆపుకుని, వెనక హారన్లు మోగుతున్నా, ఆయన చెప్పడం అయ్యేదాకా ఆగాడట.