బూడిద నల్లబడిన చోటు

మా చిన్నప్పుడు... మా బావి గడ్డ మీద మోట వేలాడుతుండేది. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను, మోట అంటే ఎడ్లతో బావి నీళ్లు తోడే పెద్ద తోలు సంచి.

ఒక ఏడు అది కారడం మొదలుపెట్టింది. గడ్డకు వచ్చేసరికి సగం నీళ్లు మళ్లీ బావిలోనే... మృగశిర దాటినా వాన లేదు. నారుమడి నెర్రెలు బారుతోంది. మోటలు కుట్టే ఎల్లయ్యను పిలిపించారు.

తల నెరిసిన మనిషి. వచ్చీ రాగానే సూది తియ్యలేదు. మోటలో నీళ్లు నింపి వేలాడదీయించాడు. బయటంతా పాతగుడ్డతో తుడిచాడు. పొయ్యిలోని బూడిద తెమ్మంటే నేనే చాటలో పట్టుకొచ్చాను. ఆ బూడిద తోలు మీద పలచగా చల్లి, ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

మా బాపు ఓర్చుకోలేకపోయాడు.

"ఏందిరా ఎల్లిగా, పూజ చేస్తానవా? నారు ఎండిపోతాంది. ఏదో ఓ పట్టి ఎయ్యి. ఇంకో నాలుగు మోటలు ఎక్కువ తోలుకుంట."

"ఎక్కువ తోలితె చిల్లి పూడుతదా పటేలా? ఎడ్లు సస్తయి, గంతే. జర ఆగు."

కాసేపటికి ఒక కుట్టు పక్కన బూడిద చింతగింజంత మేర నల్లబడింది. ఆయన దాని మీద వేలు పెట్టి నన్ను పిలిచాడు.

"సూసినవా చిన్న పటేలా? మనం ఎతుకుడు కాదు... అదే చెప్తది."

అప్పుడు తీశాడు సూది.

ఇప్పుడెందుకు ఇది రాస్తున్నానంటే... కోపం వచ్చి రాస్తున్నాను.

మా ఇంటామెకు గుండె ఆపరేషన్ అయింది. నెలకోసారి హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోవాలి. వేడి తగలనియ్యొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. మా కారు ఏసీ చూస్తే మూడేళ్లుగా ఒకటే తీరు. ఎండలు ముదిరేసరికి వేడిగాలి కొడుతుంది. మా అబ్బాయి షాపుకు తీసుకుపోతాడు. వాళ్లు గ్యాస్ నింపుతారు. కొన్నాళ్లు చల్లగా ఉంటుంది... మళ్లీ వేడిగాలి.

పోయినేడు రఘునాథపల్లి దగ్గర ఆమె తల పక్కకు వాల్చేసింది. కారు ఆపి, ముఖం మీద నీళ్లు చల్లి, నా తువ్వాలతో విసిరాను. కళ్లు తెరిచేదాకా నా ప్రాణం నాలో లేదు.

మొన్న మళ్లీ వేడిగాలి. ఈసారి నేను కూడా షాపుకు పోయాను. నాకు మాటలు తక్కువ. ఓ మూల స్టూలు మీద కూర్చున్నాను.

మెకానిక్ మీటర్ పెట్టి చూశాడు. "గ్యాస్ అయిపోయింది తాతా. నింపితె ఐస్ లెక్క ఒస్తది."

"పోయినేడు నింపింది ఏడికి పోయింది?"

"వాడుతాంటె అయిపోదా తాతా? పెట్రోల్ తీరు."

"పెట్రోల్ కాలుతది. ఇది మూసిన గొట్టాలల్ల తిరిగేదేనాయె. ఏడికి పోతది?"

మా వాడు నా భుజం తట్టాడు. "ఊకో బాపు. ఆయనకు తెల్వదా?"

చెవులు వేడెక్కాయి. రఘునాథపల్లిలో వాలిన ఆ తల కళ్లముందు మెదిలింది. లేచి బానెట్ దగ్గరికి పోయాను. గొట్టాలన్నింటి మీదా తెల్ల దుమ్ము... ఒక్క అతుకు దగ్గర మాత్రం నల్లగా, జిడ్డుగా పేరుకుంది.

"ఇదేంది?"

"దుమ్ము తాతా."

"దుమ్మయితె అంతట తెల్లగుండాలె. ఈడొక్కకాడనే నల్లగెందుకున్నది? సబ్బు నీళ్లు పట్టుకరా."

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. షాపంతా చూసింది.

సబ్బు నురగ పూయగానే, లోపల మిగిలిన కొంచెం గ్యాస్‌కే బుడగలు లేచాయి. ఒకదాని వెనక ఒకటి... విప్పి చూస్తే లోపల రబ్బరు రింగు పగిలి ఉంది. చిటికెన వేలికి పెట్టుకునేంత రింగు! దాని కోసం మూడు ఎండాకాలాలు! నింపినవాళ్లకు నింపడమే తెలుసు. ఎక్కడ పోతోందో చూసే ఓపిక ఒక్కడికీ లేదు. మూడేళ్లు నోరు మూసుకున్న నాకు మాత్రం ఏం బుద్ధి ఉన్నట్టు?

రింగు మార్చి, మళ్లీ బుడగ రాలేదని చూసుకున్నాకనే కదిలాను.

నిన్న దవాఖానకు పోతుంటే, స్టేషన్ ఘన్‌పూర్ దాటాక మా ఇంటామె కొంగు భుజాల నిండా కప్పుకుంది. "జర తగ్గియ్ బిడ్డా, సలి పెడ్తాంది" అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

అయినా కోపం పోలేదు. ఇప్పుడది వేరే దారి పట్టింది.

ఎల్లయ్య కుట్టిన ఆ రోజు మోట నిండా నీళ్లు వచ్చాయి. నారు బతికింది. సాయంత్రం మా బాపు ఎడ్లకు బెల్లం పెట్టాడు. ఎల్లయ్యతో ఒక్క మంచి మాట అనలేదు. దాహమంటే ఆయన దోసిట్లోకి మా అమ్మ పైనుంచి నీళ్లు పోసింది. మూడో తరగతి చదివే నేను ఆయనకు చిన్న పటేలును. తల నెరిసిన ఆయన నాకు ఎల్లిగాడు.

మొన్న ఆ మెకానిక్ మాట మాటకూ నన్ను తాతా అన్నాడు. గట్టిగా అడిగేదాకా పని మాత్రం చెయ్యలేదు. పని చేసిన మనిషిని నేను ఒక్కసారైనా తాతా అనలేదు.

ఇప్పుడు అంటున్నాను... ఎల్లయ్య తాతా, నువ్వు చూపిన బూడిదే మా ఇంటామెను కాపాడింది.

మోటలు పోయాయి. చిల్లి దొరికేదాకా కూర్చునే మనుషులూ పోయారు. మీ ఊళ్లోనూ అలాంటి పనిమంతుడు ఒకరు ఉండే ఉంటారు... ఆయన పని గురించి రాయండి. చిన్నప్పుడు ఆయన్ని ఏమని పిలిచేవాళ్లో, అది కూడా దాచకుండా రాయండి.