ప్రతి ఇంట్లోనూ ఉండే నంబరు

ధార్వాడలోని ఆ కాలేజీలో శకుంతల నాయ్కర్ ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్లకు నంబర్లు ఇస్తోంది. నెట్ ఆగితే తప్ప ఆమె ఒకతె ఉన్నట్టు ఎవరికీ గుర్తుకు రాదు.

ఆ ఆదివారం ప్రిన్సిపాల్ హిరేమఠ్ ఆమెను ఇంటికి పిలిపించాడు. ఆయన మీద పై అధికారులకు ఆకాశరామన్న మెయిలు ఒకటి వెళ్లింది. అది 192.168.1.2 అనే ఐపీ నంబరున్న కంప్యూటర్ నుంచి పోయిందని తేలింది. గుమాస్తా ఫకీరప్ప ఇంటి కంప్యూటర్‌కూ అదే నంబరు. అతని సస్పెన్షన్ కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది.

"దొంగ దొరికాడమ్మా! నువ్వు సాక్షి సంతకం పెట్టు, చాలు."

"సార్, ఇది ఇళ్ల లోపలి వాడకానికని విడిగా ఉంచిన నంబరు. ఎవరింట్లోది వాళ్లింట్లోనే. ప్రతి లాడ్జిలోనూ రెండో గది ఉంటుంది. హుబ్బళ్లి లాడ్జిలో దొంగతనం జరిగితే ధార్వాడ లాడ్జిలో రెండో గదివాణ్ని పట్టుకుంటామా?"

"లాడ్జీల గొడవ నాకెందుకు? నంబరు కలిసిందా, లేదా?"

"కలిసింది సార్. మీ ఫోను ఒకసారి ఇటివ్వండి."

సెట్టింగులు తెరిచి ఆయన ముందు పెట్టింది. 192.168.1.2. మరమరాల గిర్మిట్ పళ్లెంతో వచ్చిన ఆయన భార్య తొంగిచూసి, "అయ్యో, మీ మీద మీరే రాసుకున్నారా?" అంది.

హిరేమఠ్ సస్పెన్షన్ కాగితం చింపేశాడు. అయితే ప్రిన్సిపాల్ అన్నాక ఏదో ఒక చర్య తీసుకోవాలి కదా.

"రేపటి నుంచి ఆ నంబరు ఎవరూ వాడకూడదు. సర్క్యులర్ వేయించు."

ఫకీరప్ప ఉద్యోగం నిలబడింది కనుక శకుంతల వాదించలేదు.

"అలాగే సార్. అమలు మీ ఇంటి నుంచే మొదలుపెట్టమంటారా?"