బందు మర్నాటి తేదీ

ఉదయం పది గంటల నలభై నిమిషాలకు నేను ఒక గ్లాసు చాయ్ తాగాను. ఇన్నేళ్లుగా మోస్తున్న బరువు అదే. ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు నన్ను ఎరగరు కాబట్టి.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులు. నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో చిన్న ఉద్యోగిని. పేద ఆడవాళ్లు సొంతంగా బతకాలని ప్రభుత్వం గచ్చిబౌలిలో రోడ్డు పక్కన రేకు డబ్బాలు ఇచ్చింది. చాయ్, టిఫిన్ అమ్ముకోవచ్చు. మూసి ఉంచితే రద్దు చేసి మరొకరికి ఇస్తారు. తెరిచి ఉన్నాయో లేదో చూసి రాయడం నా పని.

చివరి డబ్బా సాయమ్మది. పాలమూరు నుంచి కూలి పనికి వచ్చిన కుటుంబం. ఎదురుగా ఉన్న అద్దాల భవనం కడుతున్నప్పుడు ఆమె భర్త పైనుంచి పడ్డాడు. నడుము పోయింది. మంచం దిగలేదు. ఆ డబ్బా ఒక్కటే వాళ్లకు ఆధారం. ఇది నాకు తెలుసు. తెలియదని రాస్తే ఈ కాగితానికి అర్థం లేదు.

ఒక బందు రోజున రోడ్లు ఖాళీగా ఉన్నాయి. మామూలు రోజుల్లో ఆ ట్రాఫిక్‌లో తనిఖీకి పొద్దంతా పట్టేది. ఆ రోజు నిజాంపేట నుంచి బండి మీద వెళ్లి గంటన్నరలో ముగించాను. కంపెనీలు లోపల నడుస్తున్నాయి కాబట్టి డబ్బాల వాళ్లు సగం రేకు ఎత్తి అమ్ముకుంటున్నారు. పూర్తిగా మూసింది సాయమ్మ ఒక్కతే. రాష్ట్రం వస్తే తన పిల్లలకు ఆ అద్దాల భవనంలోనే నౌకరీ దొరుకుతుందని ఆమె నమ్మింది.

బందు రోజు తనిఖీ చెల్లదు. అందుకని ఫారం మీద మర్నాటి తేదీ వేశాను. మర్నాడు తనిఖీకని ఆఫీసులో రాసి, సొంత పనులు చూసుకోవడానికి బయల్దేరాను. దారిలో సాయమ్మ దగ్గర ఆగాను. ఏ తేదీన మూసి ఉందని రాశానో ఆ రోజునే, తెరిచి ఉన్న ఆ డబ్బా ముందు నిలబడి చాయ్ తాగాను. ఫారం అప్పటికి నా సంచిలోనే ఉంది. ఒక్క గీత కొడితే సరిపోయేది. తోచలేదా? తోచింది. ఒకటి కొట్టేస్తే ఫారమంతా శుభ్రంగా మళ్లీ రాయాలని బద్ధకించాను.

డబ్బా రద్దు చేస్తున్నామన్న నోటీసు ఎవరితోనో చదివించుకుని సాయమ్మ ఆఫీసుకు వచ్చింది. మా అధికారి పక్క బల్ల దగ్గరే ఉన్నాడు.

"బందు నాడు మీరొక్కరే పని చేసిన్రట సారూ, పక్క డబ్బామె చూసింది. సర్కారు మీకు శాలువ కప్పాలె," అంది. "కానీ ఈ కాయితంల తారీఖు మర్నాటిది. ఆ దినం పొద్దుగాల మీరు నా కాడనే చాయ్ తాగిన్రు. చక్కెర తక్కువెయ్యి అన్నరు. జర యాద్ చేసుకోండ్రి."

అధికారి తలెత్తి చూశాడు.

"నాకు గుర్తు లేదమ్మా," అన్నాను.

ఆమె అరవలేదు. "నాకు యాదుంది సారూ," అని నోటీసు మడిచి, కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

నేను కోస్తా వాణ్ని. ఉద్యమం మీద అక్కసుతో చేశానా అని నన్ను నేను చాలాసార్లు అడిగి చూశాను. అదైనా ఒక కారణం అయ్యేది. ఎంత వెతికినా ముందు బద్ధకం, తర్వాత భయం, ఇవే దొరుకుతాయి.

డబ్బా మరొకరికి పోయింది. సాయమ్మ ఆ అద్దాల భవనంలోనే నేల తుడిచే పనికి కుదిరింది. డబ్బా ఉన్నప్పుడు మధ్యమధ్యలో ఇంటికి పోయి భర్తను చూసుకుని వచ్చేది. ఈ పనిలో ఆ వీలు లేదు. అతను ఆ ఏడే పోయాడు. తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆమె పిల్లలకు ఏ ఉద్యోగం వచ్చిందో కనుక్కునే ధైర్యం నాకు లేకపోయింది. కొన్నేళ్లకు సాయమ్మ కూడా పోయిందని పక్క డబ్బామె నాకు చాయ్ పోస్తూ చెప్పింది. ఆ పేరు ఎప్పుడూ విననట్టు తల ఊపాను. అప్పుడు మా అధికారి లేడు. ఎవరికి భయపడ్డాను?

క్షమించమని అడగడానికి ఎవరూ మిగల్లేదు. మిమ్మల్ని అడగడం లేదు. ఆ రోజు ఆఫీసులో అనాల్సిన మాట ఒకసారి రాయాలనిపించింది, అంతే. గుర్తుంది సాయమ్మా. పది గంటల నలభై నిమిషాలు. చక్కెర తక్కువ. రాశాక చెయ్యి కొంచెం తేలికైంది. ఆమెకు దీనివల్ల ఏమీ లేదు.

నేను రిటైరయ్యాను. ఇప్పుడు తనిఖీలు ఫోన్లో చేస్తారట. తేదీ దానంతట అదే పడుతుంది. చేత్తో ఎవరూ రాయరు.