నట్టు మీద నల్లగీత

ఆ ల్యాబులో రక్తపరీక్షకు వచ్చే పిల్లలు ఆమెకు దోమక్క అని పేరు పెట్టారు. సూది ఎప్పుడు గుచ్చిందో, రక్తం ఎప్పుడు తీసిందో తెలియకుండా పని కానిచ్చేస్తుంది కనక ఆ పేరు. పెద్దవాళ్ళూ అదే పేరుతో వెతుక్కుంటూ వస్తారు. "దోమక్క లేదా? అయితే రేపొస్తాంలే" అని వెనక్కి తిరిగి పోయేవాళ్ళను చూస్తే అక్కడి మిగతా ఇద్దరికీ ఒళ్ళు మండుతుంది. దోమక్కకు మాత్రం లోపల ఎంత సంబరమో. పైకి చెప్పదు.

వయసు ముప్పై తొమ్మిది. అందులో పద్నాలుగేళ్ళు ఎదుటివాళ్ళ మోచేతి మడతల్లోకి చూస్తూ వంగి కూర్చోవడంతోనే గడిచాయి. చివరికి మెడ పట్టేసి ఫిజియోథెరపీకి వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ గోడకున్న టీవీలో, యాభై ఏళ్ళు దాటిన ఒక ఆడమనిషి నిలువు స్టీలు స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని, నేల వదిలేసి పైకి లేచింది. లేచి, పీట మీద కూర్చున్నంత తాపీగా గాలిలో కూర్చుంది. దాన్ని పోల్ డాన్స్ అంటారని కింద అక్షరాలు వచ్చాయి. ఫిజియో అమ్మాయి పేరు పెట్టి మూడుసార్లు పిలిచినా దోమక్కకు వినిపించలేదు.

చిన్నప్పుడు ఆమె చెట్లెక్కేది. పదకొండో ఏట వాళ్ళమ్మ "ఇక చాల్లే, దిగు" అంది. దిగింది. ఆ దిగడం దిగడం ఇరవై ఎనిమిదేళ్ళు నేల మీదే ఉండిపోయింది. ఇప్పుడు ఒకటే కోరిక పుట్టింది. ఒక్కసారి, పది లెక్కపెట్టేంతసేపు, కాలు నేలకు తగలకుండా పైన ఉండాలి. స్టేజీ అక్కర్లేదు, చప్పట్లు అక్కర్లేదు. పది అంకెలు చాలు.

మొగుడితో చెప్పడానికి వారం రోజులు నాన్చింది. ఆయన గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్ల పక్క రెయిలింగులు చేసే మేస్త్రి. ఆయన చేసిన గేటు కిర్రుమనదని ఆ వీధుల్లో పేరు. విన్నాడు. ఒక్క నిమిషం నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు. ఆమె మొహం చిన్నబోయే సరికి నవ్వాపి, "దానికంత ఇదై పోతావేంటే? స్తంభం బయట కొంటే ఏం నమ్మకం? నేనే చేసిస్తా. ఏనుగు ఊగినా కదలదు" అన్నాడు.

ఆ మాటకు దోమక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇలాంటి మొగుడు ఎందరికి దొరుకుతాడు అనుకుంది. పాపం, అలాగే అనుకుంది.

ఇక కోర్సు వెతుక్కోవాలి. ఈ రోజుల్లో నేర్చుకునేవాళ్ళు తక్కువ గానీ నేర్పేవాళ్ళకు కొదవా? ఫోను నీళ్ళసీసాకు ఆనించి, భోజనాల బల్ల దగ్గర ఇద్దరూ కూర్చునేవాళ్ళు. అత్తగారు కూడా కళ్ళజోడు పెట్టుకుని వచ్చి చేరేది. మొదటి కోర్సులో ఎర్రలైట్లు, జానెడు మడమల చెప్పులు, ఇరవై ఒక్క రోజుల్లో మిమ్మల్ని చూసి మీరే మూర్ఛపోతారని హామీ. "మూర్ఛపోతే పట్టుకునేదెవరట?" అంది అత్తగారు. రెండోది నేర్పే కుర్రాడు మాట్లాడడు, అరుస్తాడు. మూడోది ఊరికే దొరికే వీడియోల గుట్ట. మొదటి పాఠం ఉంది, నాలుగో పాఠం ఉంది, మధ్యలో రెండూ ఏ గంగలో కలిశాయో తెలియదు. ఇంకొకటి రోజూ టీచరు ఎదురుగా ఉండి చెప్పే పాఠమే గానీ, అది సరిగ్గా దోమక్క ల్యాబులో ఉండే వేళ.

ఐదోది నెరిసిన జుట్టావిడది. మొదటి మూడు పాఠాల్లో ఎవ్వరూ స్తంభం ఎక్కరు. మొదటి పాఠమంతా స్తంభం గట్టిగా ఉందో లేదో ఎలా చూసుకోవాలో. రెండోది పడిపోకుండా దిగడమెలా, పడితే ఎలా పడాలి. మూడోది మణికట్లు. వీడియో కింద కామెంట్లలో జనం తిట్టిన తిట్లు ఇంతా అంతా కావు.

"ఈవిడ ఎక్కదు, ఎక్కనివ్వదు" అన్నాడు మేస్త్రి. "ఆ ఎర్రలైట్లదే నయం."

"సూది గుచ్చడం అరక్షణం పనండీ. నరం వెతకడమే పని. అది రానివాళ్ళే జనాన్ని పదిచోట్ల పొడుస్తారు. ఈవిడకు పని తెలుసు" అంది దోమక్క, ఆ కోర్సులోనే చేరిపోయింది.

స్తంభం వచ్చింది. అద్దెయిల్లు కనక పైకప్పుకు రంధ్రాలు వెయ్యకూడదన్నాడు ఓనరు. మేస్త్రి అందుకు ఉపాయం చేశాడు. స్తంభం అడుగున మరలున్న లావుపాటి కడ్డీ, దాని మీద పెద్ద నట్టు. స్పానరుతో నట్టు బిగించేకొద్దీ స్తంభం పైకి లేచి కప్పుకు గట్టిగా అదుముకుంటుంది. వదులు చేస్తే పట్టు పోతుంది. ముందుగది మూల నిలబెట్టి, గుడ్డతో తుడిచి, "ఇదిగో నీ చెట్టు" అన్నాడు. ఆ వారమంతా దోమక్క ల్యాబులో ఎవరు అడిగినా అడక్కపోయినా మా ఆయన చేశాడని చెప్పింది.

మొదటి పాఠానికి ఆయన పక్కనే కూర్చున్నాడు గానీ, నెరిసిన జుట్టు టీచరు నట్ల గురించి మొదలుపెట్టగానే "నాకా ఈవిడ నట్లు నేర్పేది!" అని ఆవలించి లేచిపోయాడు. తర్వాత టీచరు చెప్పింది చిన్న మాట. నట్టు మీద నుంచి కడ్డీ మీదికి ఒక గీత గీయండి. గోడవైపు గీయండి, చెయ్యీ కాలూ తగిలి చెరిగిపోకుండా. రోజూ ఎక్కబోయే ముందు చూడండి. గీత కలిసి ఉంటే ఎక్కండి. విరిగి ఉంటే నట్టు తిరిగినట్టు. దోమక్క ల్యాబులో సీసాల మీద పేర్లు రాసే నల్లమార్కరు తెచ్చి గీత గీసింది. అది ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పేంత విషయం అనుకోలేదు.

రెండో పాఠంలో టీచరు ఇంకోటి చెప్పింది. మొదట్లో ఒంటరిగా ఎక్కకండి, కింద ఒక మనిషిని నిలబెట్టుకోండి, బలమున్నవాళ్ళే కానక్కర్లేదు, మీరు నమ్మేవాళ్ళయితే చాలు. అది మాత్రం మొగుడికి చెప్పింది. "నేనున్నాగా, నీకు భయమేంటి?" అన్నాడాయన.

మూడువారాలు మణికట్లు, భుజాలు, స్తంభం చుట్టూ నడవడం. నాలుగోవారం నుంచి బుధవారం, ఆదివారం స్తంభం మీద బరువు మోపాలి. ఆ పట్టిక రాసి ఫ్రిజ్ మీద అంటించింది. మొదటి బుధవారం పొద్దున, బరువు మోపబోయే ముందు వంగి చూస్తే గీత విరిగి ఉంది. పైముక్క ఒకచోట, కిందిముక్క ఇంకోచోట, మధ్యన వేలెడు ఎడం.

నేనే సరిగ్గా చూసి ఉండను అనుకుంది. స్పానరు తెచ్చి కాలితో తొక్కి బిగించి గీత కలిపింది. ఆదివారం పొద్దున మళ్ళీ విరిగింది. టీచరుకు ఫొటో పంపి, మళ్ళీ బిగించింది. 'నట్టు దానంతటది ఇంత తిరగదు. ఇంట్లో ఎవరైనా ముట్టుకున్నారేమో కనుక్కో తల్లీ' అని జవాబొచ్చింది. దోమక్కకు చిర్రెత్తింది. మా ఇంటి సంగతి ఈవిడకేం తెలుసు అనుకుంది.

అయినా అనుమానం పీకుతూనే ఉంది. అత్తగారు ఆ స్తంభానికి తడి తువ్వాలు ఆరేస్తుంది.

"అత్తయ్యా, తువ్వాలు ఆరేసేటప్పుడు కింద నట్టేమైనా కదిలిందా?"

"నట్టా? డబ్బామూత తియ్యడానికే నిన్ను పిలుస్తానమ్మాయ్, నేను నట్లు తిప్పుతానా? ఇదిగో చూడు నా వేళ్ళు" అని వంకర్లు పోయిన పది వేళ్ళూ చాపి చూపించింది ముసలావిడ. దోమక్కకు సిగ్గేసింది. మూత తీసిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రెండో బుధవారం గీత ఇంకా ఎక్కువ దూరం జరిగింది. వేలెడు కాదు, మూడువేళ్ళు. మిగతా రోజుల్లో పొద్దునా సాయంత్రం చూస్తే వెంట్రుకవాసి కదలదు. ఫ్రిజ్ మీద రాసి ఉన్న రోజుల్లోనే కదులుతోంది. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆ ముగ్గురిలో దోమక్క కాక, వేళ్ళు వంగని ముసలావిడ కాక, మిగిలేది ఎవరో చెప్పడానికి టీచర్లు అక్కర్లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ నల్లమార్కరు పట్టుకుంది.

తెలిసింది. తెలిసినా నమ్మబుద్ధి కాలేదు. ఆ రోజు ల్యాబులో పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఒకే చేతికి రెండుసార్లు గుచ్చింది. "దోమక్కా, నొప్పి!" అని ఆ పిల్ల ఏడుస్తుంటే తనకూ ఏడుపొచ్చింది. ఆయన కాదు, ఆయన అయ్యుండడు, ఇంకేదో ఉంటుంది అని ఇంటికొచ్చే దారి పొడుగునా వెతుక్కుంది. ఏమీ దొరకలేదు.

ఆదివారం వచ్చింది. ఫ్రిజ్ మీద ఆ రోజుకు 'మొదటిసారి ఎక్కడం' అని ఆమె చేతిరాతే ఉంది. పొద్దున లేచి గోడవైపు వంగి చూసింది. గీత ముక్కలు రెండూ ఒకదానికొకటి కనిపించనంత దూరంలో ఉన్నాయి. ఈసారి బిగించలేదు. వెళ్ళి టీ పెట్టింది. ముగ్గురికీ ఇచ్చింది.

"ఏవండీ, టీచరు ఒక పని చెప్పింది. ఈ రోజు నేను ఎక్కేముందు, ఇంట్లో అందరికన్నా బరువైనవాళ్ళు ఒకసారి వేలాడి చూడాలట."

అబద్ధం. ఆ ఇంట్లో ఆమె ఆడిన అబద్ధాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఇదొకటి.

"నేనా!" అని పొట్ట నిమురుకుంటూ నవ్వాడు మేస్త్రి. "ఈ బానను చూసి నీ టీచరు పారిపోతుంది."

"ఎక్కరా, నేనూ చూస్తాను" అంది అత్తగారు సరదాగా.

"నిన్న నడుం పట్టేసిందే. మళ్ళీ ఆదివారం చూద్దాంలే."

"మీరు చేసిందేగా. ఏనుగు ఊగినా కదలదన్నారు. ఒక్కసారి. నాకోసం."

ఆయన ఏమీ ఆలోచించకుండా వెళ్ళి వేలాడితే బాగుండు, స్తంభం జారి నేను పరిగెత్తి పట్టుకుంటే బాగుండు, నా అనుమానం మీద నేనే ఉమ్మేసుకుంటే బాగుండు అని మనసులో మొక్కుకుంది. ఆయన లేచాడు. లుంగీ ఎగ్గట్టాడు. స్తంభం దగ్గరికి వెళ్ళి ఒక చేత్తో పట్టుకున్నాడు. అక్కడ ఆగాడు. ఆగి, "ఒక్క నిమిషం" అని పెరట్లోకి వెళ్ళి స్పానరు తెచ్చాడు. మోకాలి మీద కూర్చుని నట్టు బిగించాడు. ఒకసారి, రెండుసార్లు, స్తంభం కప్పుకు అదుముకుని మూలిగే దాకా బిగించాడు. లేచి ఊపి చూశాడు. అప్పుడు రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు ముడిచి వేలాడాడు.

స్తంభం కదల్లేదు. అత్తగారు చప్పట్లు కొట్టింది.

"బిగించుకున్నారు" అంది దోమక్క.

"ఆఁ?"

"మీరు ఎక్కేముందు బిగించుకున్నారు. నేను ఎక్కేముందు వదులు చేశారు. నాలుగుసార్లు."

ఆయన దిగాడు. అటూ ఇటూ చూశాడు. ఆమె వంగి, గోడవైపు తాను గీసుకున్న నల్లగీతను వేలితో చూపించింది. అత్తగారికి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక ఆవిడ చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది.

"నువ్వు పడాలని కాదే" అన్నాడు చివరికి. "ఒట్టు. కాస్త కదిలితే భయపడి నీ అంతట నువ్వే మానేస్తావనుకున్నా. షాపులో రోజూ ఒకటే గోల. మీ ఆవిడ ఎక్కిందా, ఎంతదాకా ఎక్కింది అని ఇకిలింపులు. ఎన్నాళ్ళని పడను?"

"నాతో అనొచ్చుగా."

"అంటే నువ్వు బాధపడతావని..."

"వద్దని మొహం మీద అనుంటే పోట్లాడేదాన్ని. రెండు రోజులు అన్నం మానేసేదాన్ని. మీ మాట మీద మానేసేదాన్నేమో కూడా! మీరు చేసిన గేటు ఊడి పక్కింటి కుక్కపిల్ల మీద పడుతుందేమోనని అర్ధగంట సరిచూస్తారే, నేను కుక్కపిల్లపాటి చెయ్యనా? నా మెడ పట్టేస్తే మీరే కదండీ ఆస్పత్రికి తీసుకెళ్ళింది? ఆ మెడే విరిగుంటే?"

"నీకు దెబ్బ తగలనిస్తానా? కింద నేను నిలబడే ఉంటాగా!"

ఆ మాటకు దోమక్క ఏడ్చింది. అప్పటిదాకా ఏడవలేదు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆమె మోపిన భారమంతా ఆ కింద నిలబడే మనిషి మీదే. చేను చుట్టూ కంచె వేసుకుని నిద్రపోయింది, ఆ కంచే మేసింది. ఏడుస్తూనే మొహం తుడుచుకుని చెయ్యి చాపింది. ఆయన మొదట ఆమెను దగ్గరికి తీసుకోబోయాడు. అడుగుతున్నది తనను కాదు, స్పానరునని తర్వాత తెలిసి, ఇచ్చాడు. ఆమె దాన్ని తీసుకెళ్ళి తన ల్యాబు బ్యాగులో, సూదుల పెట్టె పక్కన పెట్టి జిప్పు లాగింది.

తిరిగొచ్చి నల్లమార్కరుతో, బిగించి ఉన్న ఆ నట్టు మీద కొత్తగీత గీసింది. అరచేతులు లంగా అంచుకు తుడుచుకుని స్తంభం పట్టుకుంది. మేస్త్రి అలవాటు ప్రకారం వచ్చి కింద నిలబడ్డాడు.

"మీరు తప్పుకోండి" అంది. "అత్తయ్యా, మీరు రండి. ఇక్కడ నిలబడండి."

"నేనా? నేనేం పట్టుకోగలనమ్మాయ్?"

"నిలబడండి చాలు."

ముసలావిడ కొడుకు వైపు చూడకుండా లేచి వచ్చింది. డబ్బామూత తియ్యలేని ఆ చేతులు రెండూ చాపి నిలబడింది. దోమక్క మోకాలు చుట్టి, పాదం బిగించి, ఒళ్ళు పైకి లాక్కుంది. నేల వదిలింది. అత్తగారు కింద నుంచి గట్టిగా లెక్కపెట్టింది, ఒకటి, రెండు, మూడు... పది దాకా.

పది అంకెలూ పైనే ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ నేల వదిలిన మనిషి. ఆ పది అంకెలసేపూ ఆమె ఇంకేమీ చూడలేదు, కింద నట్టునే చూస్తూ ఉంది.